గోల లేని క్రూయిజ్ ఏది?

ప్రశ్న: అమ్మానాన్న విజిటర్ వీసా మీద డాలస్ వచ్చారండీ, క్రూయిజ్ ఎక్కిద్దామంటే తాగుడు, డీజే గోల అంటే నాన్నకి అస్సలు పడదు. ఏది బుక్ చేయమంటారు?

జవాబు: మయామి నుంచి వెళ్ళే 3, 4 రాత్రుల బహామాస్ ట్రిప్పుల జోలికి పోకండి, అందులోనూ మార్చిలో అయితే స్ప్రింగ్ బ్రేక్ సెలవులకొచ్చే కాలేజీ పిల్లలతో నిండిపోతాయి. మే నెలలో 7 రాత్రుల అలాస్కా చూడండి, హాలండ్ అమెరికా అనే కంపెనీ షిప్పుల్లో పెద్దవయసు వాళ్ళే ఎక్కువ, పొద్దున్నే దుప్పటి కప్పుకుని డెక్ మీద నిలబడి హిమనీనదాలు చూస్తుంటారు. వైకింగ్ అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ళయితే 18 ఏళ్ళలోపు వాళ్ళని ఎక్కించుకోరు, కాసినో కూడా ఉండదు, కాకపోతే రేటే కాస్త గట్టిగా ఉంటుంది. క్యాబిన్ మాత్రం పూల్ డెక్ కింద తీసుకోవద్దు, తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు నెత్తిమీదే! అన్నట్టు, అలాస్కా షిప్పు అమెరికాలోని సియాటిల్ నుంచి వెళ్ళినా మధ్యలో కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి, ముందు ఆ పని చూడండి.