రెండు వైరస్‌లు కలిస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తప్పదా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 41 ఏళ్లు. ఈ మధ్య గర్భాశయ ముఖద్వారానికి పరీక్షలు చేయించుకుంటే పాప్‌స్మియర్ (ముఖద్వారపు కణాల పరీక్ష) నార్మల్ అని, హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) పరీక్షలో మాత్రం 16వ రకం పాజిటివ్ అని వచ్చింది. కొన్నేళ్లుగా అప్పుడప్పుడూ నీటి పొక్కులు లేచి తగ్గిపోతుంటాయని చెబితే రక్తపరీక్ష కూడా రాశారు. అందులో హెర్పిస్-2 పాజిటివ్ అని తేలింది. ఈ రెండు వైరస్‌లూ ఒకేచోట చేరితే క్యాన్సర్ ఖాయమని చదివినప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. హెర్పిస్‌కు మందులు వాడితే ఈ ముప్పు తప్పుతుందా? పాప్‌స్మియర్ నార్మల్‌గానే ఉంది కనుక ఏడాది ఆగి మళ్లీ చేయించుకోవచ్చా?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

జవాబు: మీ నిద్ర పాడుచేసింది హెర్పిస్ రిపోర్టు, నేను రెండోసారి చదువుకున్నది మాత్రం హెచ్‌పీవీ రిపోర్టు. అందుకే మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. ఏడాది ఆగవద్దు. 16వ రకం గానీ 18వ రకం గానీ కనిపించినప్పుడు, పాప్‌స్మియర్ నార్మల్‌గా ఉన్నా సరే, కాల్పోస్కోపీ చేయించుకోవాలి. ఇది పెద్ద పరీక్షేమీ కాదు. ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంలోంచి చూస్తూ పలుచటి ఎసిటిక్ యాసిడ్‌లో ముంచిన దూదిని అద్దుతారు. కాస్త చురుక్కుమంటుంది. మార్పు మొదలైన చోటు ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో అది తెల్లగా తేలుతుంది, ఆరోగ్యంగా ఉన్న చోటు గులాబీ రంగులోనే ఉండిపోతుంది. తెల్లబడిన చోటి నుంచి గింజంత ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. అలా ఏమీ కనబడకపోతే తదుపరి పరీక్ష ఎప్పుడన్నది మీ డాక్టరు చెబుతారు.

ఇక హెర్పిస్ సంగతి. మీరు చదివినది పూర్తిగా గాలికబురు కాదు, ఒకప్పుడు శాస్త్రజ్ఞులే అలా నమ్మారు. 1960, 70 దశకాల్లో ఈ క్యాన్సర్‌కు ప్రధాన నిందితురాలు హెర్పిస్-2 వైరసే. క్యాన్సర్ వచ్చిన స్త్రీల రక్తంలో ఆ వైరస్‌కు సంబంధించిన యాంటీబాడీలు ఎక్కువగా కనిపించడమే ఆ అనుమానానికి మూలం. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హాసెన్ కణితుల్లోనే హెర్పిస్ డీఎన్‌ఏ కోసం వెతికితే అది దొరకలేదు. ఆయన పులిపిర్లు కలిగించే పాపిలోమా వైరస్ కుటుంబం వైపు దృష్టి మళ్లించి, 1983లో 16వ రకాన్ని, ఆ మరుసటి ఏడాది 18వ రకాన్ని ఆయన బృందం వేరుచేసింది. ప్రపంచంలో ఈ క్యాన్సర్ కేసుల్లో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణమని తర్వాత తేలింది. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు దోషి పట్టుబడ్డాక కూడా హెర్పిస్ మీది కేసును ఎవరూ పూర్తిగా కొట్టివేయలేదు. హెచ్‌పీవీ సోకిన స్త్రీలలో అత్యధికులకు క్యాన్సర్ రాదు. పదిమందిలో తొమ్మిదిమందికి దాదాపు రెండేళ్లలోపే శరీరం దానిని తనంతట తానే అదుపు చేసుకుంటుంది. మరి ఆ మిగిలిన కొద్దిమందిలో వైరస్ ఎందుకు తిష్ఠ వేస్తుంది? ఇతర వైరస్‌ల పాత్ర గురించి ప్రశ్న పుట్టింది ఇక్కడే.

దీనికి జవాబు కావాలంటే హెచ్‌పీవీ పనితీరు కొంచెం తెలియాలి. ముఖద్వారపు పొరలో అన్నిటికన్నా అడుగున ఉండే కణాలలోకి మాత్రమే అది చేరుకోవాలి, అందుకు పైపొరలో కంటికి కనిపించనంత చిన్న గీత పడినా చాలు. చాలా ఏళ్లు తిష్ఠ వేసిన కొందరిలో వైరస్ డీఎన్‌ఏ తెగి కణం డీఎన్‌ఏలో అతుక్కుంటుంది. అలా అతుక్కునేటప్పుడు తరచుగా ఈ2 అనే జన్యువు దెబ్బతింటుంది. ఈ6, ఈ7 అనే మరో రెండు జన్యువులకు కళ్లెం వేసి ఉంచేది ఈ2నే. కళ్లెం తెగిపోయాక ఈ6 తయారుచేసే ప్రొటీను, కణానికి కావలిదారైన పీ53ని నాశనం చేయిస్తుంది. ఈ7 ప్రొటీను, కణ విభజనకు బ్రేకు లాంటి ఆర్‌బీ ప్రొటీనును పనిచేయకుండా చేస్తుంది. ఈ రెండు పనులూ హెచ్‌పీవీ ఒక్కటే చేసుకోగలదు, ఎవరి సాయమూ అక్కరలేదు. హెర్పిస్‌కు అలాంటి ఆయుధాలున్నట్టు ముఖద్వార క్యాన్సర్ విషయంలో రుజువు కాలేదు. అది చేయగలదని అనుకుంటున్నవి వేరు: పుండ్లు పడి పైపొర చిట్లితే హెచ్‌పీవీకి దారి సులువవుతుంది, మళ్లీ మళ్లీ వచ్చే వాపు వల్ల అక్కడి రోగనిరోధక వాతావరణం మారుతుంది.

అనుకోవడం వేరు, రుజువు వేరు. క్యాన్సర్ వచ్చినవారినీ రానివారినీ పోల్చిన కొన్ని పరిశీలనల్లో, హెచ్‌పీవీ ఉన్న స్త్రీలకు హెర్పిస్-2 కూడా ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. అయితే ఏళ్ల కిందటే దాచి ఉంచిన రక్త నమూనాలను తీసి, ఆ తర్వాత ఎవరికి క్యాన్సర్ వచ్చిందో చూసిన పరిశీలనలో ఆ సంబంధం నిలబడలేదు. రెండు వైరస్‌లూ లైంగిక సంపర్కం ద్వారానే సోకుతాయి కనుక ఒకటి ఉన్నవారిలో రెండోది ఉండే అవకాశం ఎటూ ఎక్కువే, అందువల్ల ఒకదాని నేరం రెండోదాని ఖాతాలో పడటం సులభం. నా మటుకు నేను హెర్పిస్‌ను సాక్షిగా చూస్తాను గానీ ముద్దాయిగా చూడను. అసైక్లోవిర్ వంటి మందులు మీ పొక్కుల బాధ తగ్గిస్తాయి, వాటి అవసరముంటే తప్పక వాడండి, కానీ అవి హెచ్‌పీవీ మీద పనిచేయవు. క్యాన్సర్ నివారణ కోసమని వాటిని వాడటంలో అర్థం లేదు.

మరో చిన్న మాట. హెర్పిస్ సోకిన కణాలు పాప్‌స్మియర్ స్లైడు మీద కూడా కనిపించవచ్చు. ఒకే కణంలో నాలుగైదు కేంద్రకాలు ఒకదానినొకటి ఒత్తుకుంటూ, గరుకు గాజులా మసకబారి ఉంటాయి. హెచ్‌పీవీ సోకిన కణం అలా కాదు, ముడతపడ్డ కేంద్రకం చుట్టూ ఖాళీ వలయం ఏర్పడి ఉంటుంది. రెండింటి గుర్తులూ వేరు కనుక అనుభవం ఉన్న పాథాలజిస్టు తికమకపడరు. మీ స్లైడులో రెండూ లేవు, నార్మల్ అన్న మాటకు అర్థం అదే.

ఎప్‌స్టీన్-బార్ వైరస్, సైటోమెగాలో వైరస్ పేర్లు కూడా మీకు తారసపడవచ్చు. కొన్ని కణితుల్లో వాటి ఆనవాళ్లు దొరికిన మాట నిజమే. కానీ ఎప్‌స్టీన్-బార్ వైరస్ తెల్లరక్తకణాలలో దాగి ఉంటుంది, కణితిలోకి ఆ రక్తకణాలు ఎటూ చేరుతాయి. కాబట్టి అది క్యాన్సర్ కణంలో ఉన్నదో, పక్కన చేరిన రక్తకణంలో ఉన్నదో తేల్చకుండా నేరం మోపలేం. ఇప్పటికి ఆ రెండింటి కోసం పరీక్షలు చేయించుకోవలసిన పని లేదు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హెచ్‌ఐవీ ఉంది. నాలుగేళ్లుగా ఏఆర్‌టీ మాత్రలు ఒక్కరోజు కూడా మానకుండా వేసుకుంటున్నాను, వైరల్ లోడ్ కనిపించనంత తక్కువగా ఉంది. అయినా నాకు ముఖద్వార పరీక్ష అవసరమేనా? హెచ్‌పీవీ టీకా ఇప్పుడు వేయించుకుంటే ఉపయోగముందా?
— ఓ పాఠకురాలు

జవాబు: ఇతర వైరస్‌ల గురించి పై జవాబులో నేను చూపిన సందేహాలేవీ హెచ్‌ఐవీకి వర్తించవు. ఇక్కడ రుజువు గట్టిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు హెచ్‌ఐవీ లేనివారికన్నా ఆరు రెట్లు ఎక్కువ. 1993లోనే అమెరికా ఈ క్యాన్సర్‌ను ఎయిడ్స్‌ను సూచించే జబ్బుల జాబితాలో చేర్చింది.

విచిత్రమేమిటంటే హెచ్‌ఐవీ ముఖద్వారపు కణాన్ని నేరుగా క్యాన్సర్‌గా మార్చదు. దాని గురి రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీడీ4 అనే తెల్లరక్తకణాల మీద. హెచ్‌పీవీని గుర్తుపట్టి తరిమే దళానికి దారి చూపేవి ఆ కణాలే. వాటి సంఖ్య పడిపోతే రెండేళ్లలో పోవలసిన హెచ్‌పీవీ పోదు, పైగా ఎప్పుడో అణగిపోయినది తిరిగి లేస్తుంది. మామూలుగా కణాల మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీకి చికిత్స తీసుకోనివారిలో ఆ ప్రయాణం 5 నుంచి 10 ఏళ్లలోనే ముగియవచ్చు. ఈ సంఖ్యల తేడాలోనే మీ ప్రశ్నకు జవాబుంది. దారి పొట్టిదైనప్పుడు మధ్యలో ఆగి చూసుకునే చోట్లు దగ్గర దగ్గరగా ఉండాలి.

మీరు మాత్రలు క్రమం తప్పకుండా వేసుకోవడం ఈ విషయంలోనూ మేలే. చికిత్స ఎంత ముందుగా, సీడీ4 ఎంత బాగున్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది. అయితే మాత్రలు హెచ్‌ఐవీని అదుపు చేస్తాయి, అంతకుముందే చేరిన హెచ్‌పీవీని తీసివేయవు. అందువల్ల ముప్పు తగ్గుతుంది గానీ పోదు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు 25 ఏళ్ల నుంచే పరీక్షలు మొదలుపెట్టి, ఫలితం నెగటివ్ వచ్చినా 3 నుంచి 5 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇతర స్త్రీలకు ఇది 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకోసారి. మీరు ఇంతవరకు చేయించుకోకపోతే ఈసారి మాత్రల కోసం వెళ్లినప్పుడే అడగండి. ఎప్పుడైనా చికిత్స అవసరమైతే, మార్పులు మళ్లీ తిరగబెట్టే అవకాశం మీకు కాస్త ఎక్కువ కనుక ఆ తర్వాతి పరీక్షలను వాయిదా వేయవద్దు.

టీకాలో బతికున్న వైరస్ ఉండదు, హెచ్‌ఐవీ ఉన్నవారికి సురక్షితమే. లైంగిక జీవితం మొదలవకముందు, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేసినప్పుడు దాని ఫలం పూర్తిగా దక్కుతుంది. మీ వయసులో ఇంకా సోకని రకాల నుంచి మాత్రమే రక్షణ ఇస్తుంది, ఇప్పటికే ఉన్నదానిని నయం చేయదు. వేయించుకోవాలనుకుంటే హెచ్‌ఐవీ ఉన్నవారికి ఒక్క డోసు చాలదు, మూడు డోసులు మేలు. టీకా వేయించుకున్నాక పరీక్ష మానేయకపోవడం మాత్రం ముఖ్యం.

ప్రశ్న: నా భార్య రిపోర్టులో హెచ్‌పీవీ 16, 52, 58 మూడు రకాలూ ఉన్నాయని రాశారు. మూడింతల ప్రమాదం అనుకోవాలా? నేనూ పరీక్ష చేయించుకోవాలా? ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుసుకునే వీలుందా?
— ఓ పాఠకుడు

జవాబు: ప్రమాదం అలా కూడికల లెక్కలో పెరగదు. ఒకే స్త్రీలో మూడు రకాలు కనిపించినా, మార్పు చెందిన ఒక్కో మచ్చను విడిగా పరిశీలిస్తే సాధారణంగా దాని వెనుక ఒక్క రకమే ఉంటుంది. మీ భార్య విషయంలో చూడవలసింది 16వ రకం. మొదటి పాఠకురాలికి చెప్పిన కాల్పోస్కోపీయే ఆవిడకూ వర్తిస్తుంది. పురుషులకు మామూలుగా చేసే ప్రామాణికమైన హెచ్‌పీవీ పరీక్ష లేదు, చేసినా దాని ఫలితం వల్ల ఆమె చికిత్స మారదు. ఇక మీ మూడో ప్రశ్న. ఈ వైరస్ ఏళ్ల తరబడి అణగి ఉండి తర్వాత బయటపడగలదు కనుక ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఆ ఆరా ఇంట్లో తీయకండి. కాల్పోస్కోపీ రోజున ఆవిడతో పాటు మీరూ వెళ్లండి.