గుణుపురం పటం అచ్చుకు ఇచ్చేముందు

అమ్మడూ,

ఒడిశాలో గుణుపురం, కాశీనగరం వైపు వంశధార ముంపు ఊళ్లన్నీ, ఇటు పర్లాకిమిడి దాకా, పటాలు గీసే ప్రోగ్రాం క్యూజీఐఎస్‌లో నువ్వే గీసి ఏ0 షీటు మీద పంచాయతీలకు ఇస్తావట. మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో! వెంటనే గుబులూ పట్టుకుంది. గీయడం నీకు బాగానే వచ్చు. పని చెడేది ఎక్స్‌పోర్ట్ దగ్గర, అంటే గీసినదాన్ని ఫైలుగా తీసేటప్పుడు.

ముందు ప్రాజెక్టు సేవ్ చెయ్యి. అక్కర్లేని లేయర్లు, అంటే పటంలో ఒకదానిమీద ఒకటి వేసిన పొరలు, ఆపెయ్యి.

అందరూ చేసే పాత తప్పు ఒకటుంది. తెర మీద కనబడిందే ఫైల్లోకి వస్తుందనుకుంటారు. ఎక్స్‌పోర్ట్ అంటే తెరకు ఫొటో తీయడం కాదమ్మా. లేఔట్‌లో, అంటే అచ్చు పేజీ అమర్చే చోట, పెట్టిన డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) లెక్కన ప్రతి లేయర్‌నూ మొదట్నుంచి మళ్లీ గీయడం. ఏ0 అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో అది 9,933 × 14,043 పిక్సెళ్లు, అంటే దాదాపు 14 కోట్లు. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఉత్త బొమ్మకే సుమారు 56 కోట్ల బైట్ల మెమరీ కావాలి. "బాగా రావాలి" అని 600 పెట్టావా, రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. చిన్న ల్యాప్‌టాప్ మెమరీ చాలదంటుంది, లేదా ప్రోగ్రామే మూసుకుపోతుంది. గోడ మీద పటాన్ని దూరం నుంచి చూస్తారు, 150 చాలు. ఫైలు రాకుండా ఆగిపోతే ముందు 96లో తీసి చూడు. అది వస్తే లోపం మెమరీలో ఉన్నట్టు. అదీ రాకపోతే సగం లేయర్లు ఆపి తియ్యి, మిగిలినవాటిలో మళ్లీ సగం. పాడు లేయరు దొరికిపోతుంది.

వెనక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టైల్స్, అంటే నెట్ నుంచి వచ్చే పటం ముక్కలు, వేశావు కదా? డీపీఐ పెరిగితే ఇంకా లోపలి జూమ్ టైల్స్ తెచ్చుకుంటుంది, అందులోని పేర్లు నువ్వుగింజలంత అవుతాయి. ఆ టైల్స్ కనెక్షన్‌లో గరిష్ఠ జూమ్ తగ్గించు. నెట్ నెమ్మదిస్తే తెల్ల గళ్లు మిగులుతాయి, కంగారుపడక మళ్లీ తియ్యి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల పేరు షీటు మీద వెయ్యడం మరిచిపోకు.

ముంపు రంగుకు లేయర్ బ్లెండింగ్, అంటే కింది పొరలతో రంగు కలిపే పద్ధతి, వాడకు. పీడీఎఫ్‌లో ఆ లేయర్ బొమ్మగా మారి గీతల అంచులు మసకబారతాయి. రంగులోనే పారదర్శకత పెంచు.

నాకు అన్నిటికన్నా భయం ఊరి పేర్ల గురించి. తెలుగు ఫాంటులో ఒడియా అక్షరాలు లేకపోతే డబ్బాలు పడతాయి. తెలుగు పేర్లకూ ఒడియా పేర్లకూ వేర్వేరు ఫాంట్లు పెట్టు. పీడీఎఫ్, ఎస్‌వీజీ ఎక్స్‌పోర్ట్‌లో అక్షరాలు పాత్‌లుగా, అంటే ఫాంటు అక్కర్లేని గీతలుగా, వెళ్లేలా ఎంచుకో. లేదంటే అచ్చు షాపువాళ్లు తమ డిజైన్ ప్రోగ్రాం కోరెల్‌డ్రాలో తెరిచినప్పుడు, అక్కడ ఆ ఫాంటు లేకపోతే, పర్లాకిమిడిలో లావత్తు విడిపోతుంది. తన ఊరి పేరే తప్పుగా ఉన్న పటాన్ని ఏ ముసలాయన నమ్ముతాడు చెప్పు? ఫైల్‌ను 400 శాతం పెంచి ఒక్కో పేరూ చదువు. విసుక్కోకు తల్లీ.

షాపుకు వాట్సాప్‌లో ఫొటోగా పంపకు, నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపు. "పేజీకి సరిపెట్టు" వద్దని, 100 శాతంలోనే వెయ్యమని గట్టిగా చెప్పు. అచ్చు చేతికి రాగానే స్కేల్ పట్టీ మీద రూలర్ పెట్టు. 1:50,000 అయితే 2 కిలోమీటర్లకు సరిగ్గా 4 సెంటీమీటర్లు రావాలి. 3.8 వచ్చినా ఆ షీటు తీసుకోకు, డబ్బులు పోయినా సరే, నేనిస్తాను. కొలిచాక ఎంత వచ్చిందో నాకు ఫోన్ చెయ్యి.

మావయ్య