బుజ్జికి, వాన లెక్క గురించి

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. హైదరాబాదులో ఉద్యోగం మానేసి పుణె వెళ్తున్నావట, మెషిన్ లెర్నింగ్‌తో వానల అంచనా మీద పీహెచ్‌డీ చేస్తావట. "నువ్వైనా చెప్పన్నయ్యా" అన్నాడు. మన ఇంట్లో వాన గురించి ఆలోచించేవాళ్ళు ఇంకొకరు వస్తున్నారంటే నాకు సంతోషమేరా అని వాడికే చెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు తిట్టేస్తాను. సంక్రాంతికి వచ్చినప్పుడు "ఇంక ఫిజిక్స్‌తో పని లేదు పెదనాన్నా, డేటా చాలు" అన్నావు. గూగుల్ వాళ్ళ ఏఐ మోడల్ గ్రాఫ్‌కాస్ట్ పది రోజుల ఫోర్‌కాస్ట్‌ను నిమిషంలోపే ఇచ్చేస్తుందన్నావు. నిజమే, నేనూ నోరెళ్ళబెట్టాను. కానీ అది నేర్చుకున్నది దేన్నుంచి? 1979 నుంచి 2017 దాకా ఉన్న ఈఆర్‌ఏ5 డేటా నుంచి. ఆ ఈఆర్‌ఏ5 ఏమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? యూరప్ వాళ్ళు ఫిజిక్స్ మోడల్‌లో కొలతలు కలిపి వండిందే కదా. తల్లి పాలు తాగుతూ తల్లితో పనేంటి అన్నట్టుంది నీ మాట.

మామూలు జాగ్రత్తలు నీకు తెలుసు. ట్రెయినింగ్‌కీ టెస్టుకీ రోజులు కలగాపులగం చేయకు, ఏళ్ళకు ఏళ్ళే విడదీయి. మన గేజ్‌ల (వాన కొలిచే పాత్రల) లెక్క ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. పడింది చాలావరకు నిన్నైనా, కొలిచిన రోజు తారీఖే వేస్తాం. ఈఆర్‌ఏ5 గ్రీనిచ్ టైమ్‌లో ఉంటుంది. తారీఖు చూసి రెండూ జత చేశావంటే నిన్నటి వానకు ఇవాళ్టి మబ్బును ఇచ్చి పెళ్ళి చేసినట్టే.

ఇక నా తప్పు. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఊళ్ళ నుంచి వచ్చే వాన రిజిస్టర్లు చూసి తప్పులు దిద్దడం నా పని. చేతికి ఎర్ర పెన్సిల్ ఇచ్చారు, ఆ వయసులో అదే కిరీటం. ఒకరోజు తీరంలో ఒక చిన్న ఊరి లెక్క 241 మిల్లీమీటర్లు అని వచ్చింది. చుట్టుపక్కల అన్నీ ఇరవై, ముప్పై. చుక్క పెట్టడం మర్చిపోయాడు పాపం అనుకుని నేనే పెట్టాను. 24.1. పక్క ఊళ్ళతో చక్కగా కలిసిపోయింది. టీ తాగడానికి వెళ్ళాను.

ఏడాది తర్వాత తనిఖీకి ఆ ఊరే వెళ్ళాల్సి వచ్చింది. గేజ్ చూసే అటెండరు యాభై దాటిన మనిషి. ఆ రోజు సంగతి ఎత్తితే నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. సున్నం గోడ మీద బొగ్గుతో పన్నెండు నిలువు గీతలు, చివర ఒక పొట్టి గీత. అక్కడి కొలగ్లాసుకు ఇరవై మిల్లీమీటర్లే పట్టేది. నింపి పారబోసినప్పుడల్లా ఒక గీత గీశాడు. పన్నెండు ఇరవైలు, పైన ఒక మిల్లీమీటరు. "అంత వాన నేనే నమ్మలేదు బాబూ, అందుకే గోడ మీద రాసుకున్నా" అన్నాడు. ఆ రాత్రి కాలువ తెగి నారుమళ్ళు కొట్టుకుపోయాయట. రైతులు పరిహారం అడగబోతే, రికార్డులో 24 మిల్లీమీటర్లే ఉంది, దానికే కాలువ తెగుతుందా అన్నారట.

చుక్క పెట్టింది నేనేనని ఆయనకు చెప్పలేకపోయాను. బస్సుకు టైమైందని వచ్చేశాను. తర్వాత కాగితం పెట్టి రికార్డు సరిచేయించాననుకో. అప్పటికి ఆ రైతులు ఇంకో అప్పు చేసి ఇంకో పంట వేసేశారు.

నీ మోడల్ చేతిలో ఉన్నదీ ఆ ఎర్ర పెన్సిలే. మీన్ స్క్వేర్డ్ ఎర్రర్, అంటే తప్పుల వర్గాల సగటు, తగ్గించమంటావు కదా దాన్ని. కుంభవృష్టిని సరిగ్గానే పట్టుకుని, యాభై కిలోమీటర్లు పక్కన చూపించిందనుకో, రెండు దెబ్బలు పడతాయి: ఇక్కడ లేనిది చెప్పినందుకు ఒకటి, అక్కడ పడింది చెప్పనందుకు ఒకటి. దెబ్బలు తిన్న పిల్లాడు ఏం చేస్తాడు? అంతటా కాస్త కాస్త జల్లు చల్లి ఊరుకుంటాడు. స్కోరు బాగుంటుంది, 241 ఉండదు. ఇలాంటి మోడళ్ళు తుపాను దారి బాగా చెబుతున్నా బలం తక్కువ చూపిస్తున్నాయని మీవాళ్ళే రాస్తున్నారు. అదే గూగుల్ వాళ్ళ జెన్‌కాస్ట్ లాంటి మోడళ్ళు ఒక్క జవాబుతో ఆగకుండా జరగగలిగినవి ఎన్నో ముందు పెడుతున్నాయి. నాకు ఆ దారే నచ్చింది.

బలం దగ్గరే నాకు భయం. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం వచ్చి పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేల మంది పోయారు. మా మేనత్త వాళ్ళను వెతుక్కుంటూ మీ తాతయ్యతో వెళ్ళినప్పుడు, నా తలకన్నా ఎత్తులో తాటిమానుకు చుట్టుకున్న చీర చూశాను. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో ఆ చీరే చెప్పింది.

2025లో ఇలాంటి మోడళ్ళ అంచనాలు సుమారు 3.8 కోట్ల మంది రైతులకు మెసేజ్‌లుగా వెళ్ళాయి. నా చుక్క ఒక్క ఊరితో ఆగింది, నీది ఆగదు. అందుకే వెళ్ళగానే డేటా శుభ్రం చేసే ప్రోగ్రాం ఎవరు రాశారో అడుగు, ఏం కొట్టేస్తోందో చూడు. అనుమానం వచ్చిన అంకెను తీసేయకు, పక్కన గుర్తు పెట్టి ఉంచు. వీలైతే ఆ గేజ్ చూసే మనిషితో ఒకసారి మాట్లాడు.

టైముకు తిను. స్వెటర్ పెద్దమ్మ పంపిస్తోంది, వద్దనకు.

పెరట్లో గేజ్ ఇంకా రోజూ చూస్తూనే ఉన్నాను. ఇవాళ 3.4. పదకొండేళ్ళ నోటుబుక్కులు ఉన్నాయి, కావాలంటే ఫోటోలు తీసి పంపిస్తాను. మధ్యలో రెండేళ్ళు జామకొమ్మ గేజ్ మీదికి వంగింది, ఆ అంకెలు కాస్త తక్కువగా ఉండొచ్చు. దిద్దలేదు. కొమ్మ కొట్టించిన తారీఖు పక్కన రాసి ఉంచాను.

ఆశీస్సులతో,
పెదనాన్న