కార్తీక దీపం సీరియల్ అంత హిట్టయి చివరికి ఎందుకు చతికిలపడింది?

"వంటలక్కను, డాక్టర్ బాబును చంపేశారు, అందుకే పోయింది" అంటారు అందరూ. నేను ఒప్పుకోను. వంటలక్క అంటే హీరోయిన్ దీప, డాక్టర్ బాబు అంటే ఆమె భర్త కార్తీక్. వాళ్లు పోయిన ఆ కారు యాక్సిడెంట్ 2022 మార్చిలో వచ్చింది. సీరియల్‌కు జబ్బు అంతకు చాలా ముందే పట్టింది.

కథ మొత్తం ఒక్క అనుమానం మీద నడిచింది. తనకు పిల్లలు పుట్టరంటూ విలన్ మోనిత ఇచ్చిన దొంగ రిపోర్టును కార్తీక్ నమ్మాడు. దీప గర్భవతి అయితే అనుమానించాడు. కవలల్లో శౌర్య తల్లి దగ్గర పెరిగింది. హిమను మాత్రం కార్తీక్ తల్లి సౌందర్య తెచ్చి, అనాథ అని చెప్పి కన్నతండ్రి చేతుల్లోనే పెట్టింది. ఎవరికి ఏం తెలుసో, ఏం తెలియదో చూసేవాళ్లకు మాత్రమే తెలుసు. అందుకే హిమ వంటలక్క పక్కన కూర్చుని రెండు ముద్దలు తింటే చాలు, ఇల్లంతా కళ్లు తుడుచుకునేది. అక్కడ డైలాగు అక్కర్లేదు. మలయాళం మాతృక 'కరుత్తముత్తు'లోనూ మొదట ఇక్కడ దీపగా చేసిన ప్రేమీ విశ్వనాథే చేసింది కాబట్టి ఆ పాత్ర లోతు ఆమెకు ముందే తెలుసు.

ఇక రహస్యాన్ని ఏళ్ల తరబడి దాచాలంటే, దాచడానికి కారణం కూడా బలపడుతూ రావాలి. ఇక్కడ అది జరగలేదు. గుండె డాక్టరు, సొంతంగా ఇంకో టెస్టు చేయించుకోడు! మొదట్లో అహం అనుకుని సరిపెట్టుకున్నాం. తర్వాత నిజం చెప్పబోయే ప్రతిసారీ ఫోన్ మోగడం, ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడిపోవడం.

ఎందుకిలా అంటే లెక్క చూడండి. అరగంట స్లాటులో ప్రకటనలు పోను మిగిలేది 20-22 నిమిషాలు. అందులో నిన్నటి సీను కొంత, రేపటి ప్రోమో కొంత. హాల్లో ఐదుగురు నిలబడి ఉన్నారనుకోండి. ఒక్క మాటకు ఒక్కొక్కరి మొహం మూడుసార్లు, ఐదేసి సెకన్లు చూపిస్తే 75 సెకన్లు గడిచిపోతాయి. రైటర్ ఒక్క లైను రాయక్కర్లేదు. వారానికి ఆరు ఎపిసోడ్లు అందించాల్సిన యూనిట్‌కు ఇంతకంటే చవకైన దారి లేదు. అప్పుడప్పుడు వాడితే పర్లేదు, రోజూ వాడితే ప్రేక్షకుడు సగం నుంచి చూడటం అలవాటు చేసుకుంటాడు. ఈ ప్రోమోల సంగతి వేరే చెప్పాలి. సోమవారం ప్రోమోలో చూపించిన చెంపదెబ్బ శనివారానికి కల అని తేలుతుంది. అది నమ్మకద్రోహమే.

నిజం కార్తీక్‌కు తెలిసిన రోజే కథ అయిపోయింది. మరో నెల, రెండు నెలల్లో శుభం కార్డు వేయాల్సింది. వేయకుండా మోనిత కడుపులో కృత్రిమ గర్భధారణతో కార్తీక్ బిడ్డ అంటూ ఇంకో ట్రాక్ ఎత్తుకున్నారు. మోనితగా చేసిన శోభాశెట్టి ఆ పాత్రను ఒంటి చేత్తో మోసింది, ఆమెను తప్పుపట్టను.

తర్వాత లీప్, అంటే కథ ఒక్కసారిగా కొన్నేళ్లు ముందుకు దూకడం. లీప్ తీసుకుంటే పాత జంటలో ఒకరినైనా ఉంచాలి, కొత్త మొహాలకు అలవాటుపడేదాకా ఇల్లు పాతదిగా కనిపించాలి. ఇద్దరినీ ఒకేసారి తీసేశారు. కారు నడిపిన హిమే కారణమని శౌర్య పగ, జ్వాల పేరుతో ఆటో నడపడం, మధ్యలో నిరుపమ్ అనే కుర్రాడి ప్రేమ. పెద్దయిన హిమగా కీర్తి భట్, శౌర్యగా అమూల్య గౌడ బాగానే చేశారు, కానీ సౌందర్య ఒక్కతే పాత ఇంటికి గుర్తుగా మిగిలితే ఏం సరిపోతుంది?

అన్నిటికంటే క్షమించలేనిది ఆ తర్వాత చేసింది. చనిపోయిందన్న దీపను కోమాలోంచి లేపారు, కార్తీక్‌కు మతిమరుపు పెట్టారు, మోనిత మళ్లీ అతని భార్యనంది, పెద్దవాళ్లైన పిల్లలు మళ్లీ చిన్నపిల్లలయ్యారు. నెలల తరబడి చూసినదాన్ని లెక్కలోకి రాకుండా చేస్తే ఎవరు కూర్చుంటారు? 2017 అక్టోబర్‌లో మొదలై 1,500కు పైగా ఎపిసోడ్లు నడిచిన సీరియల్ 2023 జనవరి 23న ముగిసింది. మర్నాడు అదే ఏడున్నరకు 'బ్రహ్మముడి' వచ్చేసింది.

జంట పాతబడిందని మాత్రం అనకండి. 2024 మార్చిలో కార్తీక్‌గా చేసిన అదే నటుడు నిరుపమ్, అదే ప్రేమీ కొత్త కథతో రెండో భాగానికి వచ్చారు. వాళ్ల మీద జనానికి మొహం మొత్తి ఉంటే ఛానెల్ ఆ పేరునే మళ్లీ పెట్టేదా?