బీఎస్-ఎండీ రాలేదని ఏడాది ఆపకండి

అమెరికాలో హైస్కూలు అవగానే డిగ్రీకీ, ఆ తర్వాతి డాక్టరు చదువు ఎండీకీ కలిపి సీటిచ్చేవి బీఎస్-ఎండీ ప్రోగ్రాములు. అలాంటి ఆరింట్లో ఐదు కాదన్నాయి, ఒకటి వెయిటింగ్ లిస్టులో పెట్టింది, మీ అమ్మాయి గది తలుపు తీయడం లేదు, ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నించాలా అని అడిగారు.

వద్దండీ. పేరున్న బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఎనిమిదేళ్ల ప్రోగ్రాములోనే ఉండేవి కొన్ని పదుల సీట్లు. అమెరికాలో ఏటా ఎండీలో చేరేది 20 వేలకు పైగా విద్యార్థులు. వారిలో అత్యధికులు మామూలుగా డిగ్రీ చదివి, మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాసి వచ్చినవారే. పైగా కొన్ని బీఎస్-ఎండీ ప్రోగ్రాములు హైస్కూలు చివరి ఏడాది పిల్లలనే తీసుకుంటాయి, ఏడాది ఆగితే వాటికి దరఖాస్తే కుదరదు.

వెయిటింగ్ లిస్టుకు ఒక పేజీ ఉత్తరం రాయించండి: ఇంకా ఆసక్తి ఉందని, దరఖాస్తు తర్వాత కొత్తగా ఏం చేసిందో. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకుండా మే 1 లోపు సీటిచ్చిన మరో కాలేజీలో డిపాజిట్ కట్టేయండి. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫీజు తక్కువైతే అదే నా ఓటు. మిగిలిన డబ్బు మెడికల్ స్కూలుకు పనికొస్తుంది, అక్కడి ఫీజులు మామూలువి కావు.

మా అబ్బాయికీ ఇలాగే అయింది. తిరస్కరణల కన్నా "సీటు వచ్చిందా?" అనే బంధువుల ఫోన్లే వాడిని ఎక్కువ బాధపెట్టాయి. ఆ ఫోన్లు మీరే ఎత్తండి. మూడో రోజు అర్ధరాత్రి వాడే వంటింట్లోకి వచ్చి, ఆవకాయ జాడీ ఎక్కడుందని అడిగాడు.