మీరు అడిగారు: సైకిల్ దిగిన తర్వాత సుందరయ్య

ప్రశ్న: పుచ్చలపల్లి సుందరయ్య గారి పేరెత్తితే పార్లమెంటుకు సైకిల్‌పై వెళ్లేవారన్న సంగతే చెబుతారు. రాజకీయంగా ఆయన ఏ మాట మీద నిలబడ్డారు?
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఆ సైకిల్ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి తల్లీ. ఢిల్లీలో ఆయన సభ్యత్వం మూడేళ్లే. 1952లో రాజ్యసభకు వెళ్లి, అక్కడ కమ్యూనిస్టు సభ్యులకు నాయకత్వం వహించి, 1955లో గన్నవరం నుంచి శాసనసభకు వచ్చేశారు. ఇప్పుడు మనం విమానం ఎక్కడానికి వెళ్లే గన్నవరమే! ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు పడినా దక్కినవి 15 స్థానాలే.

దున్నేవాడికి భూమి, తెలుగువారికి ఒకే రాష్ట్రం. ఈ రెండూ ఆయన పట్టుదలలు. 1972లో ఆంధ్రకు వేరే రాష్ట్రం కావాలన్న జై ఆంధ్ర ఉద్యమం వచ్చేసరికి నాకు పద్దెనిమిదేళ్లు. కాలేజీ ఎగ్గొట్టి బెజవాడ వీధుల్లో గొంతు చించుకున్నాను. అంత హోరులోనూ ఆయన పార్టీ సమైక్య రాష్ట్రమే కావాలంది. మా నాన్న కూడా అదే మాట అన్నందుకు రెండు రోజులు ఆయన పక్కన కూర్చుని భోంచేయలేదు. ఎవరిది ఒప్పో ఇప్పుడు తేల్చే ఓపిక నాకు లేదు.

నాకు సైకిల్ కన్నా పెద్దదిగా కనిపించేది ఎమర్జెన్సీ నాటి రాజీనామా. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలి సీపీఎం ఏర్పడినప్పటి నుంచి దాని ప్రధాన కార్యదర్శి ఆయనే. ఇందిరాగాంధీని ఎదిరించడంలో ఆయనకు పేచీ లేదు. అందుకోసం జనసంఘ్‌తో (నేటి బీజేపీకి పూర్వరూపం) చేతులు కలపడమే మింగుడుపడలేదు. కేంద్ర కమిటీలో ఎక్కువమంది అటే మొగ్గారు. ఆయన పదవి వదిలారు, పార్టీని వదల్లేదు. మళ్లీ 1978లో గన్నవరం ఓటర్ల దగ్గరికే వచ్చి గెలిచారు. అప్పుడు ఆయన వయసు అరవై నాలుగు.

ప్రశ్న: విజయవాడ తొలి ఎంపీ ఒక కవి అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిజమే. హరీంద్రనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు. హైదరాబాదులో పుట్టిన బెంగాలీ. 1952లో కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్రుడిగా నిలబడి లోక్‌సభకు వెళ్లారు. తర్వాత హిందీ సినిమాల్లో తాత వేషాలు కూడా వేశారు. మన ఎంపీ అని తెలియకుండానే ఆయన్ను చూసి నవ్వి ఉంటాం.