పనిగదిలో మిగిలిన ముక్కలు: ఏవి ఉంచాలి, ఏవి పంపేయాలి?

ప్రశ్న: పదిహేనేళ్లుగా ఇంట్లోనే ఒక గదిలో వడ్రంగమూ, చిన్నపాటి ఇనుప పనీ చేసుకుంటున్నాను. ప్రతి పనిలోనూ మిగిలిన ముక్కను పారేయడానికి మనసొప్పక మూలన పెడుతూ వచ్చాను. ప్లైవుడ్ ముక్కలు, గొట్టాలు, తీగలు, దేనివో గుర్తులేని రేకులు, నూనె గుడ్డలు అన్నీ కలిసిపోయి, ఇప్పుడు బల్ల మీద పని చేసుకునే చోటే లేదు. తీసేద్దామని కూర్చున్న ప్రతిసారీ ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అనిపించి మళ్లీ సర్దేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నూనె గుడ్డలతో మొదలుపెట్టండి, మిగతావి వారం ఆగినా ఫరవాలేదు, ఇవి ఆగకూడదు. చెక్కకు పూసే అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. గుడ్డను పరిచి ఉంచితే ఆ వేడి గాలిలోకి పోతుంది గానీ, ఉండ చుట్టి మూలన పడేస్తే లోపలే పేరుకుని, బయటి నిప్పు ఏదీ తగలకుండానే అంటుకునే ప్రమాదం ఉంది. అలాంటి గుడ్డలను ఒకదానిమీద ఒకటి పడకుండా ఆరుబయట విడివిడిగా పరిచి, పూర్తిగా బిరుసెక్కేదాకా ఆరనివ్వండి. అందుకు వీలులేకపోతే మూత బిగుతుగా ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు నింపి ముంచి ఉంచండి.

ఇక ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అన్న మాట. అది అబద్ధం కాదు. సరైన కొలత ముక్క సరైన సమయంలో చేతికందినప్పుడు కలిగే సంతోషం చేతిపని చేసే ప్రతివారికీ తెలుసు. అయితే అది చేతికందాలంటే ముందు అది ఎక్కడుందో, దేనితో చేసినదో మనకు తెలిసి ఉండాలి. అందుకే ముక్క పెద్దదా చిన్నదా అని కాక, ‘ఇది ఏ చెక్క, ఏ లోహం అని నేను చెప్పగలనా?’ అని అడగమంటాను. పరీక్షించి చూసినా చెప్పలేకపోతే, అది ఎంత బాగా కనిపించినా పంపేయండి. బరువు మోయవలసిన చోట దాన్ని నమ్మలేరు, వెల్డింగ్ చేయడానికీ ధైర్యం చాలదు.

లోహాలను గుర్తించడానికి ఒక అయస్కాంతం, మీ అరచెయ్యి దాదాపు సరిపోతాయి. అతుక్కునేది ఇనుము లేదా ఉక్కు. రాగి, ఇత్తడి వాటి రంగును బట్టే తెలుస్తాయి. తెల్లగా ఉండి, అతుక్కోకుండా, చేతికి తేలిగ్గా తోస్తే అల్యూమినియం. అదే పరిమాణంలో ఇనుము దానికి దాదాపు మూడింతలు బరువు తూగుతుంది. తెల్లగా ఉండీ బరువైనది చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలే అయి ఉంటుంది, ఎక్కువగా వాడే 304 రకం అయస్కాంతానికి సాధారణంగా అంటదు. పైన బూడిదరంగు మెరుపుతో పొడల్లాంటి మచ్చలున్న ఇనుప రేకు జింకు పూత పూసినది. దీన్ని అలాగే వెల్డింగ్ చేయకండి. జింకు 907 డిగ్రీల సెల్సియస్‌కే ఆవిరైపోతుంది, ఉక్కు కరగడానికి అంతకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది.

రాగి తీగల తొడుగును కాల్చి తీసే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. ఆ తొడుగు సాధారణంగా పీవీసీ అనే ప్లాస్టిక్; అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషాలు వెలువడతాయి. కత్తితో గీసి ఒలిస్తే రాగి కూడా శుభ్రంగా ఉంటుంది.

చెక్కలో నాణ్యమైన గట్టి కర్ర అయితే జానెడు ముక్కనైనా ఉంచమంటాను; పిడికో, చీలకో పనికొస్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) ముక్కల విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. అంచులు ఉబ్బినవి, పొరలు విడినవి మళ్లీ బాగుపడవు. వీటిని పొయ్యిలో పెట్టకూడదు, వాటిలోని జిగురు పొగ మంచిది కాదు. పచ్చని ఛాయ ఉన్న, చెదలు పట్టకుండా మందెక్కించిన పాత కర్రలో ఆర్సెనిక్ ఉండవచ్చు. దాన్ని కాల్చినా ఆ విషం బూడిదలో మిగిలిపోతుంది.

పంపేసిన లోహం వృథా అయిందని బాధపడకండి. తుక్కు అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ తయారుచేయడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికయ్యే శక్తిలో దాదాపు 5 శాతమే చాలు. మీ మూలన పదేళ్లు పడి ఉన్న ముక్క కరిగి ఇంకొకరి పనిలో చేరడం దానికి దక్కే మంచి గతే.

ప్రశ్న: సగం మిగిలిన రంగు డబ్బాలను ఏం చేయాలి?

జవాబు: నీటితో కలిపే రంగు కొద్దిగానే మిగిలి ఉంటే, రంపపు పొట్టు కలిపి, మూత తీసి, గాలి ఆడేచోట గట్టిపడేదాకా ఉంచి, ఆ తర్వాత చెత్తలో వేయవచ్చు. నూనె రంగులు, వార్నిష్, థిన్నర్ అలా కాదు. వాటిని కాలువలోనో నేలమీదనో పోయకుండా, మూత బిగించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.

ప్రశ్న: ఒకసారి ఖాళీ చేసినా ఏడాది తిరిగేసరికి గది మళ్లీ నిండిపోతోంది. దీనికి మార్గమేమిటి?

జవాబు: కోసిన వెంటనే, బల్ల దిగకముందే, ముక్క మీద అది ఏమిటో, మందం ఎంతో పెన్సిలుతోనో మార్కరుతోనో రాయండి. ముక్కలకు ఒకే ఒక అర కేటాయించి, అది నిండిన రోజున కొత్తది పెట్టాలంటే పాతదొకటి తీయవలసిందేనని నియమం పెట్టుకోండి. కలిసిపోయిన మేకులను, స్క్రూలను వేరుచేస్తూ కూర్చోకండి. తుప్పు పట్టనివి ఒక డబ్బాలో పోసి, మిగిలినవన్నీ ఇనుప తుక్కులో కలిపేయండి.